పరాయి మంచి చెప్పిన రాయబారి

మన నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుని కుమారుడు కులోత్తుంగ చోళుడు 1077లో 72 మందిని చైనాకు రాయబారం పంపాడు. చైనా కొలువు దానిని కప్పంగానే వ్రాసుకున్నది. చైనా రాజులూ దూతలను పంపేవారు గాని, పని ముగియగానే వెనక్కు పిలిపించుకునేవారు. పరాయి రాజధానిలో రాయబారిని కాపురముంచే ఆచారం వారికి లేదు.

సరిగ్గా 800 ఏళ్ళకు, 1877లో, కువో సుంగ్‌టావ్ లండన్ చేరాడు. యున్నాన్‌లో జరిగిన ఒక ఆంగ్లేయ ఉద్యోగి హత్యకు క్షమాపణ చెప్పి, చైనా మొదటి స్థిర రాయబారిగా అక్కడే నిలిచాడు. ప్రయాణంలో తాను కన్న మంచిని దినచర్యలో వ్రాసి స్వదేశానికి పంపాడు. పండితులు మండిపడ్డారు. ప్రభుత్వం ఆ పుస్తకం అచ్చుపలకలనే ధ్వంసం చేయించింది. 1879లో ఇల్లు చేరిన ఆయనకు మళ్ళీ కొలువు దక్కలేదు.

ఆయన స్థానంలో వెళ్ళిన త్సెంగ్ చిత్సే 1881లో రష్యాతో మాటలతోనే ఇలీ ప్రాంతాన్ని చాలావరకు రాబట్టాడు. రాయబారి విలువ అప్పుడు తెలిసింది చైనాకు!