మీ కుక్క పిక్నిక్కొస్తే గూడెం కుక్కకేంటి భయం?

క్యారవాన్ అంటే మొన్నమొన్నటిదాకా మనకి సినిమా హీరోలు కూర్చునే బండే. మారేడుమిల్లిలో ‘పుష్ప’ లాంటి షూటింగులు జరిగినప్పుడు దూరం నించి చూడ్డమే తప్ప లోపల ఏముంటదో తెలీదు. ఇప్పుడలా కాదు, డబ్బులు కడితే అద్దెకిస్తన్నారు. లోపలే మంచాలు, పొయ్యి, చిన్న బాత్రూము. అంత స్తోమత లేని మన కుర్రోళ్లు టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, పరుపులు, గ్యాస్ పొయ్యి వేసుకుని బయల్దేరుతున్నారు. జంగారెడ్డిగూడెం సెంటర్లో టీ తాగి బుట్టాయగూడెం వైపో, పోలవరం వైపో తిరిగే బండ్లలో ఈ మధ్య ఇంకొకళ్లు కూడా ఎక్కుతున్నారు. కిటికీలోంచి నాలిక బయటపెట్టి చూసే కుక్క.

తప్పని నేననను. పెంచినోళ్లకి కుక్క ఇంట్లో మనిషే. పక్కింట్లో అప్పజెప్పి వెళ్తే అన్నం మానేసే కుక్కలు నాకు తెలుసు. కానీ దాన్ని బండెక్కించే ముందు ఒక సంగతి వినండి.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో పోడు పట్టాల పని మీద బుట్టాయగూడెం అవతల ఒక కోయ గూడేనికి వెళ్లేను. ఒక అక్క ఇంటి ముందు లాబ్రడార్ కట్టేసి ఉంది. మెడకి ఎర్ర బెల్టు. ‘‘ఇదెక్కడిదక్కా?’’ అన్నాను. ‘‘వాగు కాడ బండేసుకుని రెండ్రోజులున్నారన్నా. వెళ్లేటప్పుడు ఇది కనపళ్లేదంట. కాసేపు పిలిచేరు, వెళ్లిపోయేరు’’ అంది. అప్పటికి తొమ్మిది రోజులు. గంజన్నం ముట్టడం లేదు. ముక్కు కారతంది, కళ్లు పుసులు కడతన్నాయి.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్తే లాబ్రడార్ లేదు, చచ్చిపోయింది. గూడెంలో నాలుగు కుక్కపిల్లలు కూడా పోయేయి. ఆ అక్క వాళ్ల కుక్క దవడ అదురుతూ, కాళ్లు కొట్టుకుంటూ పడుంది. రాత్రిళ్లు పందులు చేలో పడకుండా కాసేది అదే. తెలిసిన పశువుల డాక్టరు గారికి ఫోన్లో వీడియో పంపితే ‘‘డిస్టెంపర్ అయ్యుంటదండీ’’ అన్నారు. పరీక్ష చేయించలేదు కాబట్టి జబ్బు లాబ్రడారే తెచ్చిందని నేను రాయను. గూడెంలో కుక్కల నించే దానికి అంటుకుందేమో కూడా. ఎటు నించి ఎటొచ్చినా, టీకా ఉంటే ఆగేది. అదీ నా బాధ.

డిస్టెంపర్ అంటే ఏంటంటే, మనుషులకొచ్చే తట్టు జబ్బు వైరస్‌కి దగ్గర చుట్టం. మనకి రాదు. కుక్క తుమ్మినా, ముక్కులు రాసుకున్నా, ఒకే గిన్నెలో తాగినా ఇంకో కుక్కకి అంటుద్ది. జ్వరం, చీమిడి, విరోచనాలతో మొదలై నరాలకి పాకుద్ది. సూటిగా దాన్ని చంపే మందు లేదు. ముందే టీకా వెయ్యాలి, అంతే.

ఇది కుక్కలతో ఆగదు. 1994లో ఆఫ్రికాలో సెరెంగేటి అడివిలో ఇదే వైరస్ సుమారు వెయ్యి సింహాల్ని, అంటే అక్కడున్నవాటిలో మూడో వంతుని తినేసింది. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నించి వచ్చిందని తేల్చేరు. 2018లో గుజరాత్ గిర్ అడివిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చచ్చిపోతే, వాటిలో కొన్నింట్లో ఈ వైరస్ దొరికింది. మన పక్కనున్న పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యేయి. అక్కడ పులీ, చిరుతా ఉన్నాయి. కుక్కకి దాయాదులైన రేసుకుక్కలూ ఉన్నాయి. గుంపుగా బతికే జాతి కాబట్టి ఒకదానికి అంటుకుంటే గుంపంతటికీ ముప్పే.

ఇంక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 33ఏ అని ఒక సెక్షనుంది. అభయారణ్యంలోనూ, దాని చుట్టూ 5 కిలోమీటర్ల లోపూ ఉన్న పశువులకి అంటురోగాల టీకాలు వేయించే బాధ్యత అటవీశాఖ పెద్దాఫీసరుదే. బానే ఉంది. కానీ పశువులంటే ఏంటో అదే చట్టం రాసిన జాబితాలో ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, గాడిద, ఒంటె దాకా ఉన్నాయి. కుక్క లేదు. ఏటా జూలై 6న జూనోసిస్ డే అని పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేసేది రేబిస్ టీకా. డిస్టెంపర్‌ది కొనుక్కోవాలి. పట్నం కుక్కకి కొనేవోళ్లున్నారు. గూడెం కుక్కకి ఎవరు కొంటారు? రేపు ఏ జంతువన్నా చస్తే ముందు నింద పడేది మాత్రం గూడెం కుక్క మీదే.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కుక్కతో బయల్దేరేవోళ్లు ఇవి చూసుకోండి.

టీకాలు వెళ్లే ముందురోజు వేయిస్తే పని చెయ్యవు. బలం రావడానికి కొంత టైము పడుద్ది. యూరప్ దేశాల్లో కూడా మొదటి రేబిస్ టీకా వేసిన 21 రోజులకి గానీ కుక్కని సరిహద్దు దాటనివ్వరు. రేబిస్‌ది వేరు, డిస్టెంపర్, పార్వోలకి కలిపి వేసేది వేరు. రెండూ ఉండాలి. టీకా పుస్తకం బండిలో పెట్టుకోండి. కోర్సు పూర్తికాని పిల్లని అసలు తీసుకెళ్లొద్దు.

బండి మాట్లాడుకునేటప్పుడే కుక్క సంగతి చెప్పండి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకోండి. ఎక్కేముందు సీట్లు, పరుపులు ఫొటోలు తియ్యండి. ఒకసారి బొచ్చు పడిందని మా అడ్వాన్సులో సగం కోసేశారు. చేతిలో కాయితం ముక్క లేక నోర్మూసుకుని వచ్చేం.

మూసిన బండిలో వదిలి స్నానాలకి దిగొద్దు. బయట 24 డిగ్రీలే ఉన్నా, ఎండలో నిలబెట్టిన కారులో పది నిమిషాలకి 34, అరగంటకి 43 అవుద్ది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. లోపల గాలే కాలిపోతుంటే ఏం రొప్పుద్ది?

తాడు విప్పొద్దు. అమెరికాలో జాతీయ పార్కుల్లో క్యాంపులకి కుక్కని రానిస్తారు గానీ తాడు 6 అడుగులు దాటకూడదు, అడివి బాటలు చాలావాటిలోకి రానివ్వరు. ఇక్కడ జాతీయ ఉద్యానవనంలోకి అనుమతి లేకుండా అడుగెయ్యడానికి మనకే హక్కు లేదు, ఇంక కుక్క మాటెందుకు? రాత్రి బండి లోపలే పడుకోబెట్టండి. చిరుతకి కుక్కంటే తేలిగ్గా దొరికే కూడు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దాకా చిరుత వచ్చిందని మర్చిపోవద్దు. గూడెం కుక్కలతో ఆడుకోనివ్వొద్దు. ఎవర్నన్నా కరిస్తే వెంటనే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానకి తీసుకెళ్లండి. సూది ఉచితమే. కారం, పసుపు అద్దొద్దు.

చివరిగా, తప్పిపోతే వదిలేసి రావద్దు. పంచాయతీలో చెప్పండి, ఫోన్ నంబరిచ్చి రండి, మళ్లీ రండి. మెడబెల్టు మీద నంబరు రాయించడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆకలికీ దాహానికీ వదిలేస్తే 1960 జంతుహింస చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నించి 50 రూపాయలు. మన సెంటర్లో ఇద్దరు టిఫిను చేస్తే అంతకన్నా ఎక్కువవుద్ది. కాబట్టి చట్టం భయపెడద్దని చూడొద్దు.

నేనడిగేది రెండు. అడివిని ఆనుకున్న గూడేల్లో కుక్కలకి రెండు టీకాలూ ఇళ్ల కాడికొచ్చి ఉచితంగా వెయ్యాలి. చట్టం జాబితాలో కుక్క పేరు చేర్చాలి. అప్పటిదాకా, ట్రిప్పుకి పెట్టే ఖర్చులో ఒక టీకా డబ్బు మీరు దిగే గూడెంలో ఒక కుక్కకి పెట్టండి. ఆ అక్క ఇంటికి కుక్క లేక ఇప్పుడు రాత్రిళ్లు చేను ఆవిడే కాస్తంది.