ఏడుపుకి ప్రాస ఎందుకు?

శ్రీశ్రీది మన విశాఖపట్నమే. ఆయన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కూడా కవే, 'ఉదయిని' పత్రిక నడిపారు. 1937లో, ముప్పై ఏళ్ళ వయసుకే పోయారు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' ఆయనకే అంకితం. ఆ అంకితమే ఒక ఎలిజీ.

మరి దాని ఛందస్సు ఏంటి? వృత్తం కాదు. వృత్తంలో ప్రతి పాదానికీ గణాలు ఫిక్స్. ఇక్కడ పాదాలు కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. అయినా ప్రాస ఉంది. మన పద్యాల్లో ప్రాస అంటే పాదం చివర కాదు, రెండో అక్షరం కలవడం. 'గాలి'కి 'నేల' ప్రాస. ఈ ఎలిజీ మొదటి రెండు లైన్లలోనూ రెండో అక్షరం 'ల'. తర్వాత లోకం ఆయన్ని ఎలా బాధపెట్టిందో చెప్పే క్రియలు ఒకే తీరున ముగుస్తూ వరసగా వస్తాయి. వాక్యం ఒక పట్టాన పూర్తవదు, బరువు మాత్రం పెరుగుతుంది.

అరకు రైలెక్కినవాళ్ళకి ఇది ఈజీగా తెలుస్తుంది. సొరంగాలన్నీ ఒకే పొడవుండవు, కానీ చక్రాల చప్పుడు ఆగదు.

చావింట్లో మన అమ్మమ్మలు రాగం తీసి ఏడుస్తారు. అందులో పాదాలకి కొలత ఉండదు, లయ ఉంటుంది. శ్రీశ్రీ ఆ ఏడుపునే అచ్చులోకి తెచ్చారని నాకనిపిస్తుంది.