తంజావూరులో వంగిన థియోడొలైట్

భారతదేశాన్ని కొలిచిన గ్రేట్ థియోడొలైట్ లండన్‌లో విలియం కేరీ చేతిలో తయారైంది. ఇది కోణాలు కొలిచే పరికరం; బరువు సుమారు అరటన్ను. కోణాల గీతలు చెక్కిన దాని వృత్తం వ్యాసం 36 అంగుళాలు. 1802లో మద్రాసు దగ్గర సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ దీన్ని తెప్పించారు. తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్‌కు మళ్లించారు. పెట్టెల్లో ఉన్నది శాస్త్ర పరికరమని తెలిశాక, వైరాన్ని పక్కనపెట్టి మర్యాదగా మద్రాసుకు పంపించేశారు.

సర్వేలో ముందుగా ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలుస్తారు. సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి మొదటి రేఖ పొడవు సుమారు 12 కిలోమీటర్లు. దాని రెండు కొసల నుంచి మూడో చోటికి కోణాలు చూస్తే మిగతా రెండు భుజాలు లెక్కలోనే తేలిపోతాయి. ఆ భుజాల మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. కాబట్టి భారమంతా కోణం మీదే. డిగ్రీలో 3,600వ వంతు తేడా వచ్చినా 50 కిలోమీటర్ల దూరంలో దాదాపు పావు మీటరు తప్పు పడుతుంది.

1808లో తంజావూరు మైదానంలో కొండ లేక, పరికరాన్ని పెద్దగుడి శిఖరం మీదికి లాగారు. తాడు తెగింది. థియోడొలైట్ గోడకు కొట్టుకుని వృత్తం వంకరపోయింది. ఇక పనికిరాదనే ఎవరైనా అనుకుంటారు. లాంబ్టన్ మాత్రం దాన్ని ఊడదీసి గుడారంలో కూర్చున్నారు. చదునైన పలక మీద సరైన కొలతకు వృత్తం గీసి, వంగిన అంచును మరలతో, కప్పీలతో ఆ గీత మీదికి కొద్దికొద్దిగా లాగారు. బండిచక్రం ఆకుల్లా నడుమ ఉన్న ఊచలను చిన్న చెక్కసుత్తులతో తట్టి సరిచేశారు. ఆరు వారాలకు వృత్తం దాదాపు పూర్వరూపానికి వచ్చింది. ఈ సర్వే చరిత్రలో ఇంతటి ఓర్పు మరొకటి కనబడదు.

త్రిభుజాలు దక్కనుకు చేరాయి. 1818లో హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాల పాలయ్యారు. 1823లో లాంబ్టన్ పనిమీద ఉండగానే హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. 1830ల్లో సర్వే పరికరాల నిపుణుడు హెన్రీ బారో ఈ థియోడొలైట్‌ను బాగుచేశారు. ఆయన తర్వాత సర్వే పరికరాల బాధ్యత ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌కు దక్కింది.

ప్రపంచంలోనే ఎత్తైన హిమాలయ శిఖరాన్ని గురిచూసింది ఈ పరికరం కాదు, తర్వాత వచ్చిన చిన్న థియోడొలైట్లు. అయినా 1856లో ప్రకటించిన 29,002 అడుగుల ఎత్తు వెనుక లాంబ్టన్ మొదలుపెట్టిన త్రిభుజాల గొలుసే ఉంది. 1865లో శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఆ గౌరవానికి లాంబ్టన్ ఏమాత్రం తక్కువ అర్హుడు కాదు.