తివాచీ దుమ్మును మోసేది గాలే

కర్ణాటకలో పావగడ తాలూకా అరసికెరె లాంటి ఊళ్లో తివాచీలు శుభ్రం చేసే వృత్తి ఎవరికుంటుందని అనిపించవచ్చు. షామియానా సప్లయర్స్ నడిపేవాళ్లను అడగండి. పెళ్లి ముగిసిన మర్నాడు పందిట్లోంచి చుట్టి తెచ్చిన ఎర్ర కార్పెట్టు విప్పితే అక్షతలు, పూలరేకులు, తళుకు కాగితాలు, ఒకచోట చట్నీ మరక, వీటన్నిటి కింద పోగుల్లోకి దిగిపోయిన సన్న ఎర్రమన్ను. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులుపుతారు, దండెం మీద వేసి కట్టెతో బాదుతారు. ఇళ్లలో గొంగళ్లకూ ఇదే వైద్యం. బాదితే దుమ్ము లేస్తుంది, కాదనను. లేచిన దుమ్ములో సగం పక్కన ఆరేసిన కార్పెట్టు మీద వాలుతుంది, కొంత బాదేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరుకు తట్టిన సంగతీ ఇదే. ఈయన వంతెనలు, వియన్నాలో నేటికీ తిరుగుతున్న జెయింట్ వీలు లాంటివి డిజైను చేసిన మనిషి. ఒక ప్రదర్శనలో కొత్త యంత్రమేదో గాలిని ఊది దుమ్ము లేపడం చూశాడు. ఊదే బదులు లోపలికి లాగితే పోలేదా అని అడిగితే, అది అయ్యే పని కాదన్నాడు దాని యజమాని. బూత్ ఓ హోటల్లో కూర్చుని, కుర్చీ మఖమల్ మీద చేతిరుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. రుమాలు తిప్పి చూస్తే అడుగున నల్లటి మరక. పరిశోధన అంటే ఇంతే, ఇంతకన్నా ఖర్చు లేదు.

అదే సంవత్సరం ఆయన పేటెంటు తీసుకుని కట్టిన యంత్రం మాత్రం గుర్రబ్బండి మీద ఎక్కించాల్సినంత పెద్దది. పెట్రోలు ఇంజనుతో నడిచే పంపు వీధిలో నిలబడేది, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి గదుల్లోకి వెళ్లేవి. గాలి ఒక గుడ్డ వడపోత గుండా పంపులోకి పోయేది, దుమ్ము గుడ్డ దగ్గర ఆగేది. గుర్తుంచుకోవాల్సిన సంగతొకటి: బూత్ మొదట యంత్రాన్ని అమ్మలేదు, శుభ్రం చేసే పనిని అమ్మాడు. అంటే వాక్యూమ్ క్లీనర్ పుట్టిందే వృత్తి పనివాడి చేతిలో. ఇంటి సరుకైంది ఆ తర్వాతే. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబేలో పరిచిన తివాచీలను శుభ్రం చేసింది ఈ యంత్రమే.

మన తివాచీలకూ ఈ కథకూ ఒక చిత్రమైన ముడి ఉంది. 1851లో లండన్ మహాప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. వాటిని చూపించిన గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్. ఆ భవనాన్ని తర్వాత విప్పి సిడెన్‌హామ్‌లో మళ్లీ నిలబెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నావికాదళం వాళ్లను అక్కడ ఉంచినప్పుడు జ్వరాలు ప్రబలాయి. దుమ్మే కారణమని బూత్ యంత్రాలను పిలిపించారు. 15 యంత్రాలు కలిసి 26 టన్నుల దుమ్ము బయటికి తీశాయని చెబుతారు.

ఇక అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఒక దుకాణంలో ఊడ్చే ఉద్యోగం, ఒంట్లో ఆస్తమా. తన ఊపిరి కాపాడుకోవడానికి పాత ఫ్యాను మోటారు, సబ్బు పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి చేతితో తోసే యంత్రం కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. హక్కులు కొన్న హూవర్ కుటుంబం అప్పటిదాకా తోలు సామాన్ల వ్యాపారంలో ఉండేది. స్పాంగ్లర్ యంత్రంలో అసలు విశేషం మోటారుతో తిరిగే బ్రష్షు. నూలు పోగుల మధ్య ఇరుక్కున్న ఇసుకను ఉత్త గాలి కదిలించలేదు, ముందు ఏదో ఒకటి తట్టాలి. 1926లో హూవర్ వాళ్లు ఆ బ్రష్షు రోలరుకు తట్టే పట్టీలు కూడా చేర్చారు. దండెం దగ్గర మనవాళ్లు కట్టెతో చేసే పని యంత్రం కడుపులోకి వెళ్లిందన్నమాట.

పేరులో వాక్యూమ్ ఉంది గానీ లోపల శూన్యమేమీ ఉండదు. బయటి వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్. మంచి క్లీనరు అందులో 20 కిలోపాస్కల్ దాకా తగ్గిస్తుంది, అంటే ఐదో వంతు. రెండు మీటర్ల ఎత్తుకు నీటిని లేపగల బలం అది. కానీ ఆ బలం ఒక్కటే దుమ్మును మోయదు. యంత్రం నడుస్తుండగా గొట్టం మూతిని అరచేత్తో మూసి చూడండి. మోటారు కీచుమని శ్రుతి పెంచుతుంది. పాపం, కష్టపడుతోందనుకుంటాం. నిజానికి తోయడానికి గాలి లేక, బరువు తగ్గి, వేగంగా తిరుగుతోందది. లాగుడు అప్పుడే అత్యధికం, శుభ్రం చేసే పని మాత్రం సున్నా. సంచి నిండినా, వడపోత పూడుకున్నా జరిగేది ఇదే. పైగా కొన్ని మోటార్లు ఆ గాలితోనే చల్లబడతాయి, గాలి ఆగితే కాలిపోతాయి. అందుకే తడిపొడి రెండూ లాగే డ్రమ్ము యంత్రాల్లో మోటారును చల్లబరిచే గాలికి వేరే దారి ఇస్తారు.

ఈ వడపోత చిక్కు మీద బ్రిటిష్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ ఏళ్ల తరబడి కూర్చున్నాడు. రంపపు మిల్లులో పొట్టును సుడిగాలితో వేరు చేసే గరాటు చూసి, అదే పద్ధతి ఇంటి యంత్రంలో పెట్టడానికి 5,127 నమూనాలు కట్టాడు. సుడి పెద్ద రేణువులను బాగానే విసిరేస్తుంది, అతి సన్న పొడికి మాత్రం ఫిల్టరు తప్పదు. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపుతుందన్నది దాని కొలమానం. ఫంక్షన్ హాళ్లలో ముగ్గుపొడి, కుంకుమ ఆ ఫిల్టరును తొందరగా పూడ్చేస్తాయి కాబట్టి దాని ముందు గుడ్డ సంచి ఉండాల్సిందే.

మన దేశంలో ఈ యంత్రం ఇళ్లకు చేరింది ఎక్కువగా యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మన్ల ద్వారా. ఆ కంపెనీ పుట్టింది 1982లో. యంత్రం పనితీరు చూపించే డెమో ఎవరిదైనా సరే, దాని మీద నాకో అభ్యంతరం ఉంది. పరుపు మీద ఏ యంత్రం పెట్టినా కొంత దుమ్ము వస్తుంది. వచ్చిందెంతో చూపిస్తారు, మిగిలిందెంతో చూపించరు. అమెరికన్ ప్రామాణిక పరీక్షలో ఇసుక, టాల్కం పొడి 90:10 గ్రాముల లెక్కన కార్పెట్టులోకి నూరి, లాగిన తర్వాత తూకం వేస్తారు. కొనబోయేటప్పుడు మీరూ సన్న ఇసుక 100 గ్రాములు తూచి దుకాణానికి తీసుకెళ్లండి. సంచిని ముందొకసారి, తర్వాతొకసారి తూకం వేయమనండి. దుకాణంవాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనీయండి.

వాట్ల సంఖ్యకు మురిసిపోవద్దు. అది తినే కరెంటు, చేసే పని కాదు. యూరోపియన్ యూనియన్ 2014లో ఇంటి క్లీనర్లకు 1600 వాట్ల పరిమితి పెట్టింది, 2017లో దాన్ని 900కు దించింది. వాట్లు తగ్గినా కంపెనీలు మూతిని, గాలి దారిని సరిచేసి పని జరిపించాయి.

ఏ మూతి కావాలన్నది తివాచీని బట్టి. వరంగల్ జంపఖానా బల్లపరుపు నూలు నేత, దానికి తిరిగే బ్రష్షు వద్దు, అంచు కుచ్చులు రోలరులో చిక్కుతాయి. ఏలూరు ఉన్ని తివాచీకి పోగులు లేచి ఉంటాయి కాబట్టి మోటారు బ్రష్షు కావాలి, కానీ తోసేటప్పుడు నిదానం ముఖ్యం. సప్లయర్స్ ఎర్ర కార్పెట్టు నేత లేకుండా పోగులు అతికించి చేసిన సింథటిక్ సరుకు. బ్రష్షు గట్టిగా తిరిగితే పైపొర నూగు లేస్తుంది. మరకలకు నీళ్లు చల్లి లాగే యంత్రం వాడేవాళ్లు ముందు పొడిగా లాగకపోతే ఎర్రమన్ను కాస్తా బురదవుతుంది, ఆ మరక ఇక పోదు.

అరసికెరె వైపు ఈ పని పెట్టుకునేవారికి నా సలహా: వెడల్పు గొట్టం ఉన్న తడిపొడి డ్రమ్ము యంత్రం ఒకటి, ఉన్ని తివాచీల పని కూడా ఉంటేనే మోటారు బ్రష్షు మూతి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల కనెక్షన్ తప్పనిసరి. సంచులు, ఫిల్టర్లు, మోటారులోని కార్బన్ బ్రష్షులు హిందూపురంలో దొరుకుతాయా, బెంగళూరు నుంచి తెప్పించుకోవాలా అన్నది డబ్బు కట్టకముందే ఫోను చేసి కనుక్కోండి.