మామూలు ఫోనుకును స్మార్టు ఫోనుకును గల తేడా ఏమి?



"సారూ, పిలగాడు పెద్ద ఫోను కొందామంటుండు. నా చిన్న ఫోను మంచిగనే నడుస్తుంది గద! దీంట్ల లేనిది దాంట్ల ఏమున్నది?" ఖిల్లా ఘణపూర్ మండలములో వేరుశనగ చేల గట్లపై నన్ను తరచుగా అడుగు ప్రశ్న యిది. చేతిలోని రూకలు వ్యయపరచుటకు ముందు ఎవరైనను అడుగవలసినదే.

తెర పెద్దదిగా ఉండుటయే తేడా యని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. మీటల ఫోనులలో కూడ కెమెరా, రేడియో, టార్చిలైటు ఉన్నవి. అసలు తేడా లోపల ఉన్నది. మామూలు ఫోను తయారైన నాడు దానికి ఏ పనులు నేర్పినారో దాదాపు అవియే చివరి వరకు చేయును. స్మార్టు ఫోనులో ఆపరేటింగ్ సిస్టం అను మూల వ్యవస్థ కలదు. దానిపై మనకు కావలసిన యాప్‌లను ఎప్పటికప్పుడు ఎక్కించుకొనవచ్చును. బావి మోటారు నీరు తోడును, ఆ పనిని చక్కగా చేయును, మరియొకటి చేయదు. ట్రాక్టరు అట్లు కాదు. కల్టివేటరు తగిలించినచో దున్నును, ట్రాలీ తగిలించినచో బస్తాలు మోయును. స్మార్టు ఫోను ట్రాక్టరు వంటిది. 1994లో అమ్మకమునకు వచ్చిన ఐబీఎం వారి సైమన్ ఈ జాతిలో మొదటిదని చెప్పుదురు. 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చిన పిమ్మటనే ఇది లోకమంతట వ్యాపించినది.

ఇక చేనులోనికి వత్తము. ఒక యాసంగిలో ఒక రైతు తన చిన్న ఫోను నుండి నాకు ఫోను చేసి, "పల్లి పచ్చగైంది సారూ, ఏం మందు కొట్టాలె?" అని అడిగెను. ఈ ఒక్క మాటలో ఎన్ని సంగతులు దాగియున్నవో చూడుడు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచినచో అది ఇనుపధాతు లోపము. ఆకు కొనయందు 'వి' అక్షరము వలె పసుపు కనిపించినచో పచ్చదోమ పని. గోధుమరంగు మచ్చ చుట్టును పసుపు వలయ మున్నచో తిక్క ఆకుమచ్చ తెగులు. మూడింటిని మన రైతు "పచ్చగైంది" అనియే చెప్పును. నేను రెండు దినముల తరువాత చేనికి పోవునప్పటికి అతడు తెగులు మందు కొని కొట్టియే యున్నాడు. చూడగా అది ఇనుపధాతు లోపము! లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారము ఎడముతో రెండు మారులు చల్లించితిమి. పైరు కోలుకొన్నది గాని మందు ఖర్చు, కూలి ఖర్చు నేలపాలైనవి.

ఫోటో పంపియున్నచో ఆ ఖర్చు తప్పియుండును. ఒక్క ఫోటో చాలదు. మొక్క మొత్తము ఒకటి, ఆకు పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి తీయవలెను. తిక్క తెగులులో ఒక రకమునకు నల్లని మచ్చలు ఆకు అడుగుననే స్పష్టముగా కనిపించును. గుట్ట చాటున సిగ్నలు అందకున్నను ఫోటో తీయవచ్చును. ఊరిలోనికి వచ్చి పంపవచ్చును. చదువు రానివారు మాటలనే రికార్డు చేసి పంపవచ్చును. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో వర్ష సూచన, పైరుకు సలహా తెలుగులోనే లభించును.

అట్లని చిన్న ఫోనును చిన్నచూపు చూడకుడు. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఉచితముగా ఫోను చేసి తెలుగులో సలహా అడుగవచ్చును. ఈ సేవ 2004 నుండి ఉన్నది. బోరు మోటారుకు మొబైల్ స్టార్టరు బిగించుకొన్నవారు ఇంటి నుండియే మోటారు వేయుటకు మామూలు ఫోను చాలును. రాత్రివేళ పాముల నడుమ నడువనక్కరలేదు. డబ్బు పంపుటకు 2022లో యూపీఐ 123పే వచ్చినది. ఛార్జింగు విషయములో చిన్న ఫోనుదే గెలుపు.

ఇప్పుడు అసలు అపాయము చెప్పెదను. ట్రాక్టరుకు మనము తగిలించగల పనిముట్టును దొంగ కూడ తగిలించగలడు గదా! నాకు తెలిసిన ఒక రైతుకు వాట్సాప్‌లో ప్రభుత్వ పథకము పేరు పెట్టిన ఫైలు వచ్చినది. పేరు చివర 'ఏపీకే' అని యున్నది. జాబితాలో తన పేరున్నదేమో చూతమని నొక్కెను. అది జాబితా కాదు, యాప్. అడిగిన ప్రతిదానికి 'అలో' నొక్కగా అతని సందేశములన్నియు దొంగ చదువగలిగెను. బ్యాంకు పంపిన ఓటీపీ కూడ అందులోనే యున్నది. వేరుశనగ అమ్మిన సొమ్ము పోయినది. భార్యకు చెప్పుటకే అతనికి మూడు దినములు పట్టినది. ఆ మూడు దినములే దొంగకు చాలినవి, సొమ్ము తిరిగి రాలేదు. ఇట్లు జరిగిన గడియలోనే 1930కి ఫోను చేయవలెను. యాప్‌లను ప్లే స్టోరు నుండియే ఎక్కించుకొనవలెను, ఎవరో పంపిన ఫైలు నుండి కూడదు.

మీటల ఫోనులో ఆ ఏపీకే ఎక్కదు. కనుక స్మార్టు ఫోనులో డబ్బు లావాదేవీలు చేయనివారు బ్యాంకుకు ఇచ్చిన సిమ్మును పాత ఫోనులోనే ఉంచుకొని, కొత్తదానిని ఫోటోలకు, వాతావరణమునకు వాడుకొనుట మేలని నా అభిప్రాయము.

పల్లి పచ్చగైన ఆ రైతు ఇప్పుడు అట్లే రెండు ఫోనులు వాడుచున్నాడు. మొన్న పంపిన ఫోటోలో ఆకు కంటె అతని బొటనవ్రేలే పెద్దగా కనిపించినది. మరల తీయుమంటిని.