ఖాళీ చెక్కు కంపెనీ: లెక్కలు చదువు విధము

మొత్తము వ్రాయని చెక్కుపై సంతకము చేసి పరుల చేతికిచ్చుటకు ఎవరును సాహసింపరు. అయినను 2021వ సంవత్సరమున అమెరికాలో ఆరువందలకు పైగా కంపెనీలు ఇంచుమించు అట్టి చెక్కులనే ప్రజలనుండి స్వీకరించినవి. వీనికచట స్పాకులని పేరు. వీనికి కర్మాగారము లేదు, సరకు లేదు, అమ్మకము లేదు. వాటాలమ్మి ధనము పోగుచేసి, తరువాత ఏదో యొక కంపెనీని వెదకి దానితో విలీనమగుటయే వీని పని. సాధారణముగా గడువు రెండేండ్లు. ఆ లోపల కంపెనీ దొరకనిచో ధనమును వాటాదారులకు తిరిగి ఈయవలెను.

వ్యాపారమే లేనిచోట ఆర్థిక స్థితిని దేనిని బట్టి నిర్ణయింతుము? ఆస్తి అప్పుల పట్టీ తెరవగనే ట్రస్టు ఖాతా కనబడును. వాటా ఒక్కింటికి సుమారు పది డాలర్ల వంతున అందు చేరి, ట్రెజరీ బిల్లుల వంటి స్వల్పకాలిక పత్రములలో భద్రముగా నుండును. ఆ అంకెను చూచి ఇది సంపన్నమైన సంస్థయని భ్రమపడరాదు. వకీళ్లకు, ఆడిటర్లకు ఈయవలసిన ఫీజులు ఖాతా వెలుపలనున్న కొద్దిపాటి నగదునుండియే రావలెను. ఆ నగదు తరుగుచు, స్థాపకుల వద్ద చేసిన అప్పు పెరుగుచు, గడువు సమీపించుచున్నచో, సంస్థ కొనసాగగలదా యను సందేహమును ఆడిటరు తన నివేదికలో తెలుపును. ఆ వాక్యమును చదువక దాటిపోవువారే అధికము.

అసలు చిక్కు వాటాల సంఖ్యలో నున్నది. స్థాపకులు తరచుగా ఇరువదియైదు వేల డాలర్ల స్వల్ప మూల్యమునకే మొత్తము వాటాలలో ఐదవ వంతు పొందుదురు. ఒక ఊహాకంపెనీని తీసికొందము. ప్రజలు 2 కోట్ల వాటాలు కొనిరి. ఖాతాలో 20 కోట్ల డాలర్లున్నవి. స్థాపకుల వాటాలు 50 లక్షలు. విలీనమునాడు వాటాలు విక్రయించిపెట్టిన బ్యాంకులకు నూటికి మూడున్నర వంతున 70 లక్షలు చెల్లింపవలెను. మిగిలినది 19 కోట్ల 30 లక్షలు. దానిని రెండున్నర కోట్ల వాటాలకు పంచిన వాటాకు 7 డాలర్ల 72 సెంట్లు. పది డాలర్లన్న మాట అప్పుడే తప్పినది!

విలీనము నచ్చనివారు తమ ధనమును వడ్డీతో సహా వెనుకకు తీసికొనవచ్చును. నూటికి ఎనుబదిమంది వాటాలు అట్లు వెళ్లిపోయినవనుకొందము. ఖాతాలో 4 కోట్లు మిగులును. బ్యాంకుల ఫీజు మొదటి మొత్తముపై లెక్కించినదగుటచే పెక్కుచోట్ల తగ్గదు. స్థాపకుల వాటాలును తగ్గవు. 3 కోట్ల 30 లక్షల డాలర్లను 90 లక్షల వాటాలకు పంచవలెను. వాటాకు 3 డాలర్ల 67 సెంట్లు! వెళ్లినవానికి పదియు దక్కెను. ఉన్నవాని వంతునుండి ఖర్చులన్నియు తీరెను.

ఇంకను వారంట్లున్నవి. ముందుగా నిర్ణయించిన ధరకు వాటా కొనుటకు ఇచ్చు హక్కులివి. వెళ్లిపోవువారు వాటాలు వదలినను వీనిని దాచుకొనవచ్చును. వాటా ధర పెరిగిన పక్షమున ఇవి క్రొత్త వాటాలై వచ్చి పాతవానిని పలుచన చేయును. 2021 ఏప్రిలులో అమెరికా సెక్యూరిటీల కమీషను వీనిలో కొన్నింటిని అప్పుగా చూపవలెనని హెచ్చరింపగా, పెక్కు స్పాకులు తమ లెక్కలను తిరుగ వ్రాసికొనవలసి వచ్చినది. ఇట్లు పలుచనయగు విధమును స్పష్టముగా వెల్లడింపవలెనని 2024 జనవరిలో ఆ కమీషనే నియమములను ఆమోదించినది.

కావున విలీన పత్రము చేతికందగనే, వాటాకు చివరకు మిగులు నగదెంత యను పంక్తిని మొదట వెదకవలెను. పిదప తేదీ చూడవలెను. ధనము తిరిగి కోరుటకు గడువు సాధారణముగా సభకు రెండు పనిదినములు ముందే ముగియును.