ఠాణా గడపయు, మన యింటి గడపయు

పోలీసుఠాణా మెట్లెక్కుట కులస్త్రీకి తలవంపని మన పెద్దలు తలంచుచు వచ్చిరి. సోదరీమణులారా, ఈ భీతి యూరక పుట్టినది కాదు. 1857 నాటి తిరుగుబాటు చల్లారిన పిమ్మట 1859లో చెన్నరాజధానియందును, 1861లో బ్రిటిషు ఇండియాయందును పోలీసు చట్టములు వెలసినవి. వానికి మాదిరి లండను పోలీసు గాదు. ఐర్లండును అణచియుంచిన సాయుధదళము. లండనులో 1829లో రాబర్టు పీలు నెలకొల్పిన జవానులు, సిపాయిల యెఱ్ఱదుస్తులను పోలకుండుటకై నీలియుడుపులు దాల్చి, తుపాకులు లేకయే వీధుల తిరిగిరి. మనకు వచ్చినది ఆ నీలియుడుపు కాదు. ప్రజలు పోలీసులను లంచగొండులుగను, పీడకులుగను తలంచుచున్నారని 1902లో నియమింపబడిన సంఘమే వ్రాసినది.

జపానులో వీధిమూలల 'కోబను' అను చిన్న చావడులు గలవు. అందలి పోలీసులు ఇంటింటికిఁ బోయి వృద్ధుల క్షేమము విచారింతురు. కేరళమున 2008లో 'జనమైత్రి' పేర ఇట్టి పద్ధతియే మొదలైనది. మొట్టమొదటి మహిళాఠాణాయు 1973లో ఆ రాష్ట్రమందలి కోళికోడులోనే తెఱవబడినది. హైదరాబాదునందు 2014 నుండి 'షీ టీములు' మామూలు దుస్తులతో బస్సుస్టాండులలో నిలిచి, ఆకతాయిలను పట్టి, తలిదండ్రుల యెదుట బుద్ధి చెప్పించుచున్నవి.

పథకము మంచిదే; నడపువాని మనస్సో? దొంగను పట్టినవాఁడు శూరుఁడు, ముసలమ్మ మొఱ వినుచు గంటసేపు కూర్చున్నవాఁడు పనిలేనివాఁడు అని తోడివారు నవ్వు ఠాణాలో ఏ మైత్రియు నిలువదు. ఇంటికి వచ్చువాఁడు మేలుకోరి వచ్చునో, గుట్టు కనిపెట్ట వచ్చునో యను శంకయు మనకుండుట న్యాయమే. ఇప్పుడు వీధివీధిని కెమెరాలు చూచుచున్నవి. అవి చూడఁగలవు గాని, దెబ్బలు తిని వచ్చిన యిల్లాలితో "ఇది మీ యింటి గొడవ, సర్దుకొనుఁడు" అను జవాను నోరు మూయించలేవు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న నూతన శిక్షాస్మృతి విధానము ననుసరించి, నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు చేయవచ్చును. ఫోనుద్వారా గాని, కంప్యూటరుద్వారా గాని తెలిపినచో మూడుదినములలో సంతకము చేయవలెను. సాక్ష్యమునకై స్త్రీని ఠాణాకు రప్పింపరాదు. ఆమె యింటనే విచారింపవలెను. నమోదైన ఫిర్యాదు నకలును రుసుము లేకయే యీయవలెను. నమోదుచేయ నిరాకరించినచో, ఆ సంగతి వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలలో పంపుఁడు. అప్పటికిని కదలిక లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.